కాలువ పడవలో కాపురం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఇంగ్లండు కాలువల మీద తిరిగే నారోబోట్ల గురించి రాశాం. ఉక్కుతో కట్టిన ఈ పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే. ఇంగ్లండు నడిమి జిల్లాల కాలువల్లో లాకులు (నీటిమట్టం పెంచి, తగ్గించి పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు) 7 అడుగుల వెడల్పు కాబట్టి ఆ కొలత. పొడవు 72 అడుగుల దాకా ఉంటుంది. ఆ వ్యాసం చదివి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. పిల్లలు బర్మింగ్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న ఇళ్ళే ఎక్కువ. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పెద్దోడు బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జీతంలో సగం అద్దెకే పోతోందని, 45 వేల పౌండ్లకు 57 అడుగుల పాత పడవ చూసి డబ్బు పంపమంటున్నాడు. ఫ్లాటు కొన్నట్టే అంటున్నాడు. నిజమేనా?
– ఒక తండ్రి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఫ్లాటు కొన్నట్టు కాదండీ. ఫ్లాటుకు స్థలంలో వాటా ఉంటుంది, ఇంటి లోను వస్తుంది, ధర పెరుగుతుందన్న ఆశ ఉంటుంది. పడవకు ఈ మూడూ లేవు. బాగా చూసుకుంటే ధర నెమ్మదిగా తగ్గుతుంది, చూసుకోకపోతే తొందరగా తగ్గుతుంది. అయినా తెలిసి కొంటే నష్టపోయే బేరమేమీ కాదు.

ధర మాట తర్వాత. ముందు మీ అబ్బాయిని ఒక్కటి అడగండి: పడవను ఎక్కడ కట్టేస్తాడు? దీనికి మూడే దారులున్నాయి. ఒకటి, నివాసానికి అనుమతి ఉన్న చోటు. ఇవి తక్కువ, వెయిటింగ్ లిస్టులుంటాయి, అద్దె ఏడాదికి వేల పౌండ్లలో ఉంటుంది, లండన్‌లో ఇంకా ఎక్కువ. రెండు, విహారానికి మాత్రమే ఇచ్చే చోటు. అద్దె తక్కువే కానీ అదే ఇల్లుగా పెట్టుకుని ఉండటానికి ఒప్పందం ఒప్పుకోదు. పట్టుబడితే చోటు పోతుంది. మూడు, చోటే లేకుండా తిరుగుతూ ఉండటం. 1995 బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం అలాంటి పడవ ఒకే చోట వరుసగా 14 రోజులకు మించి ఉండకూడదు, నిజంగానే ప్రయాణంలో ఉండాలి. రెండు వంతెనల మధ్య అటూ ఇటూ జరుపుతుంటే సరిపోదు. ఏడాది మొత్తం తిరిగిన పరిధి 20 మైళ్ళ కంటే తక్కువైతే లైసెన్సు రెన్యువల్ దగ్గర చిక్కు వస్తుంది. బర్మింగ్‌హామ్ చుట్టూ దాదాపు 100 మైళ్ళ కాలువలున్నాయి కాబట్టి ఉద్యోగం చేస్తూ తిరగడం అక్కడ కుదురుతుంది. కానీ నవంబరు నుంచి మార్చి దాకా మరమ్మతుల కోసం లాకులు మూసేస్తుంటారు. ఆ జాబితా ముందే చూసుకోకపోతే పడవ ఆఫీసుకు దూరంగా ఇరుక్కుపోతుంది.

ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ చూస్తోంది. లైసెన్సు ఇవ్వాలంటే ట్రస్టు మూడు అడుగుతుంది: నాలుగేళ్ళు చెల్లే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, చోటు ఉందా లేక తిరుగుతారా అన్న హామీ. 57 అడుగుల పడవకు లైసెన్సు ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. చోటు లేని పడవలకు 2024 ఏప్రిల్ నుంచి అదనపు రుసుము కూడా ఉంది. అన్నీ కలిపి, చోటు అద్దె కాకుండానే ఏడాదికి మూడు వేల పౌండ్లు పక్కన పెట్టుకోగలిగితేనే దిగమనండి. అది లేకుండా కొన్నవాళ్ళు రెండో ఏడాది ఇంజన్‌నో అడుగు రంగునో వదిలేస్తారు. పడవ పాడయ్యేది అక్కడే.

ఇక డబ్బు పంపడం. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. బ్యాంకులో పాన్, ఏ2 ఫారం ఇవ్వాలి. 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పట్టుకుంటారు. అంటే 50 లక్షలు పంపితే 40 లక్షల మీద 8 లక్షలు. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ ఆ రోజుకు చేతిలో ఉండాలి. నిపుణుడు పడవను పరీక్షించే సర్వే కాకముందు మొత్తం పంపొద్దు. పది శాతం అడ్వాన్సు, అదీ ‘సర్వేకు లోబడి’ అని రాతలో పెట్టుకున్నాకే. ఇంకో మాట, పడవకు మన ఆర్సీ బుక్కు లాంటిది లేదు. ట్రస్టు లైసెన్సు యాజమాన్యానికి రుజువు కాదు. అమ్మకం కాగితాలు మొదటి యజమాని నుంచి ఇప్పటివాడి దాకా వరుసగా చూపించమనండి. మధ్యలో ఒకటి లేకపోతే ఎందుకు లేదో గట్టిగా అడగాలి.

ప్రశ్న: తిరుపతి క్యారేజీ రిపేరు షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యాను. మా అల్లుడు 1996లో కట్టిన పడవ కొనబోతున్నాడు. ప్రకటనలో ‘10/6/4’ అని ఉంది. ఉక్కు ఎలా ఉందో తెలుసుకోవడం ఎట్లా?
– ఒక పాఠకుడు, శెట్టిపల్లి

జవాబు: అడుగు ప్లేటు 10 మిల్లీమీటర్లు, నీళ్ళలో ఉండే పక్క ప్లేట్లు 6, పైన గది గోడలు, కప్పు 4. అవి 1996 నాటి కొలతలు. ఇప్పుడెంతుందో తెలియాలంటే పడవను నీళ్ళలోంచి పైకి తీసి, ప్రెజర్ వాషరుతో కడిగి, అల్ట్రాసోనిక్ మీటరుతో వరసలు వరసలుగా కొలవాలి. సర్వేయరును మీ అల్లుడే పెట్టుకోవాలి. అమ్మేవాళ్ళు చేయించిన పాత రిపోర్టు చూపిస్తే చదవనివ్వండి, దాన్ని నమ్మి కొననివ్వకండి. ఆ సర్వేయరు జవాబుదారీ తనకు డబ్బిచ్చినవాళ్ళకే.

రిపోర్టులో సగటు మందం ఒక్కటే చూస్తే లాభం లేదు. గుంటల లోతు చూడాలి. ప్లేటు సగటున 5.6 ఉండి, ఒకచోట 2 మిల్లీమీటర్ల గుంట ఉంటే అక్కడ మిగిలింది 3.6. చాలా ఇన్సూరెన్సు కంపెనీలు 4 కంటే తక్కువుంటే పూర్తి పాలసీ ఇవ్వవు. గుంటలు ముఖ్యంగా మూడు చోట్ల వెతకాలి: నీటిమట్టం గీత వెంట, అడుగు ప్లేటు పక్క ప్లేటుతో కలిసే అంచున, అమరం (పడవ వెనక భాగం) వైపు ప్రొపెల్లర్ మీద ఉండే ప్లేటు కింద. పడవలు కట్టేసే రేవులో కరెంటు తీగ తగిలించి ఏళ్ళ తరబడి ఉన్న పడవైతే ఇంకా జాగ్రత్త. ఎర్తు వైరు ద్వారా పక్క పడవలతో కలిసి ఇది కూడా ఒక బ్యాటరీ ప్లేటైపోతుంది, ఉక్కు కరిగిపోతుంది. దాన్ని ఆపే గాల్వానిక్ ఐసోలేటర్ ఉందా అని అడగండి. మంచినీళ్ళకు మెగ్నీషియం యానోడ్లు (ఉక్కుకు బదులు తామే కరిగిపోయే లోహపు దిమ్మలు) వేస్తారు. అవి సగానికి పైగా కరిగిపోయి ఉంటే మార్చాలి.

సన్నబడిన చోట పైన ఇంకో ప్లేటు వేసి ఉండొచ్చు. మీ వృత్తి కాబట్టి ఇది మీకే బాగా అర్థమవుతుంది: వెల్డు చుట్టూ తెగకుండా ఉండాలి. మధ్యమధ్య వదిలేస్తే నీళ్ళు లోపల చేరి రెండు ప్లేట్లనూ తింటాయి. ప్లేటు వేసిన పడవ బరువెక్కి లోతుగా కూర్చుంటుంది, పక్కనున్న నీటి గొట్టాల రంధ్రాలు నీటి మట్టానికి దగ్గరవుతాయి. అవి ఎంత ఎత్తున ఉన్నాయో కొలవమనండి. ఒకవేళ కొన్నాక ప్లేటు వేయించాల్సి వస్తే, ఆ చోట లోపలి చెక్క తీసి, చలి రాకుండా వేసిన నురుగు పొరను గీకేసి, నీళ్ళ బకెట్టుతో ఒక మనిషి లోపల కూర్చున్నాకే వెల్డింగు మొదలుపెట్టాలి. బయట కాలిన ప్లేటుకు లోపలి పొర అంటుకుని పడవలు తగలబడ్డాయి.

సర్వేయరు రాకముందే మీ అల్లుడు చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. గది చివర, ఇంజన్ అడ్డుగోడకు ముందు నేలలో చిన్న మూత ఉంటుంది. పడవ వెనక్కి కాస్త వాలి ఉంటుంది కాబట్టి లోపల ఎక్కడ కారినా నీళ్ళు చేరేది అక్కడే. మూతెత్తి చేయి పెట్టి చూడమనండి. పొడిగా దుమ్ముంటే మంచిది. నీళ్ళుండి సబ్బు వాసనొస్తే స్నానాల గది కారుతోంది. మూత అసలు లేకపోయినా, తెరవడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోయినా ఇంకో పడవ చూసుకోవడమే. మూత తెరిచినప్పుడే తెల్ల థర్మోకోల్ షీట్లు కనిపిస్తే కరెంటు వైర్లను కూడా చూడాలి. థర్మోకోలుకు ఆనుకున్న వైరు పైతొడుగు కొన్నేళ్ళకు గట్టిపడి పగులుతుంది.

ఐరోపా పడవల నిబంధన 1998 జూన్ 16 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కట్టినవాటికి తయారీ పత్రాలు, పడవ మీద కొట్టిన నంబరు ఉండాలి. 1996 పడవకు ఆ కాగితాలు లేవని భయపడొద్దు.

ప్రశ్న: పెళ్ళయి ఆరు నెలలైంది. మా ఆయన ఉంటున్న పడవలోకి సెప్టెంబరులో వెళ్తున్నాను. మిక్సీ, టేబుల్‌టాప్ గ్రైండరు, రైస్ కుక్కరు పట్టుకెళ్ళనా? దోసెపిండి పులుస్తుందా అక్కడ?
– ఒక పాఠకురాలు, భైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: రైస్ కుక్కరు ఇక్కడే వదిలేయండి. మిగతా రెండూ పట్టుకెళ్ళండమ్మా.

లెక్క ఇలా ఉంటుంది. పడవలో కరెంటు 12 వోల్టుల బ్యాటరీల నుంచి వస్తుంది, ఇన్వర్టరు దాన్ని 230 వోల్టులు చేస్తుంది. 110 యాంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలు నాలుగుంటే 440. కానీ సగానికి మించి వాడితే బ్యాటరీ పాడవుతుంది కాబట్టి మీది 220 అనుకోండి. ఫ్రిజ్ రోజుకు 30 నుంచి 50 తింటుంది, దీపాలు, నీళ్ళ మోటారు, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపి ఇంకో 40. ఇప్పుడు మీ సామాను చూడండి. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగితే 12 పోతుంది. 150 వాట్ల గ్రైండరు అరగంట తిరిగినా 7 మించదు, అందరూ భయపడేది దానికే అయినా. 700 వాట్ల రైస్ కుక్కరు 25 నిమిషాలకు 27 తాగేస్తుంది, అదీ రోజుకు రెండుసార్లు. అన్నం గ్యాసు మీద ప్రెషర్ కుక్కర్లో వండుకోండి. ఇండక్షన్ స్టవ్వు ఊసే వద్దు. మిక్సీ మోటారు స్టార్టయ్యేటప్పుడు రెండు మూడింతలు లాగుతుంది. అందుకని ఇన్వర్టరు 2,000 వాట్లది, ప్యూర్ సైన్ వేవ్‌ది ఉండాలి. చవక రకమైతే మిక్సీ మోటారు గుయ్యిమని వేడెక్కుతుంది. అక్కడి వోల్టేజీ మనదే కాబట్టి ప్లగ్గు మారిస్తే చాలు.

కప్పు మీద సోలారు ఉందని మీ ఆయన ధీమాగా ఉంటే, ఒక్క మాట చెప్పండి. 400 వాట్ల ప్యానెళ్ళు జూన్‌లో రోజుకు ఒకటిన్నర యూనిట్లకు పైనే ఇస్తాయి. డిసెంబరులో అందులో పదో వంతు వస్తే గొప్ప. బర్మింగ్‌హామ్‌లో డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి సుమారు 14 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. అప్పుడు రోజూ ఇంజన్ నడిపే బ్యాటరీలు నింపాలి. లెడ్ బ్యాటరీ 80 శాతం దాకా తొందరగా నిండి, మిగతా 20 శాతానికి గంటలు తీసుకుంటుంది. ఆ చివరి భాగం ఎప్పుడూ నింపకపోతే ఏడాదికే సత్తువ పోతుంది. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కట్టేసిన చోట ఇంజన్ నడపకూడదన్న నియమముంది, రుబ్బుడు కార్యక్రమం పగలే పెట్టుకోండి.

గ్యాసు ప్రొపేన్ సిలిండరే తీసుకోమనండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, జనవరి పొద్దున స్టవ్వు వెలగదు. 13 కిలోల సిలిండరు ఇద్దరికి వంటకు నెలన్నర పైన వస్తుంది. గ్యాసు గాలి కంటే బరువు. ఇంట్లోలాగా కిటికీలోంచి పోదు, పడవ అడుగున చేరి నిలుస్తుంది. అందుకే సిలిండర్లను అణియంలో (పడవ ముందు భాగంలో), అడుగున బయటికి రంధ్రమున్న పెట్టెలో పెడతారు. ఆ రంధ్రం మూసుకుపోకుండా చూడాలి. పడుకునే ముందు సిలిండరు దగ్గరే కట్టేయండి.

తాలింపు పొగ కంటే ఆవిరి ఎక్కువ సతాయిస్తుంది. పప్పు ఉడికినా చారు మరిగినా ఆ తేమంతా చల్లటి కిటికీ చట్రాల మీద నీళ్ళై కారుతుంది, పరుపు కింద బూజు పడుతుంది. వండేటప్పుడు కిటికీ తెరవాలి, మూతలు పెట్టి వండాలి. చలేస్తోందని కప్పు మీది గాలి గొట్టాలకు గుడ్డలు కుక్కొద్దు, అవి ప్రాణానికి సంబంధించినవి. సింకు నీళ్ళు నేరుగా కాలువలోకి పోతాయి. వేపుడు నూనె, చింతపండు పిప్పి అందులో పోయొద్దు. నూనెను కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. దోసెపిండి చలికాలంలో బయట పెడితే రెండు రోజులైనా పొంగదు. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమరాలో పెట్టండి. ఇంజన్ వేడితో ఆ ట్యాంకు కాగుతుంది కాబట్టి ఇంజన్ నడిపిన రోజు తెల్లారేసరికి పొంగుతుంది.

ప్రశ్న: అడగడానికి మొహమాటంగా ఉంది. పడవ మరుగుదొడ్డిలో నీళ్ళు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అడగాల్సిన ప్రశ్నే. పడవలో మూడు రకాలుంటాయి. క్యాసెట్ రకంలో కింద 20 లీటర్ల డబ్బా ఉంటుంది. ఇద్దరికి మూడు రోజులొస్తుంది, చెంబుతో నీళ్ళు పోసుకుంటే ఒకటిన్నర రోజు. నిండినప్పుడు ట్రస్టు తాళంచెవితో తెరుచుకునే పారబోత గదికి మోసుకెళ్ళాలి, నిండు డబ్బా 20 కిలోలపైనే. ఇంకో డబ్బా అదనంగా కొనుక్కోవడం తప్పనిసరి. పెద్ద ట్యాంకు రకంలో నీళ్ళు ధారాళంగా వాడొచ్చు కానీ పంపుతో తీయించడానికి ప్రతిసారీ డబ్బు కట్టాలి, కాలువ గడ్డకడితే పంపు దగ్గరికి పోలేరు. మట్టి రకం అనే మూడోదాంట్లో చుక్క నీళ్ళు పడకూడదు, మనవాళ్ళకు అది పనికిరాదు. ఎక్కువమందికి మా సలహా క్యాసెట్టే, సన్నటి ధార వచ్చే చేతి షవరుతో. నీటి ట్యాంకు 600 లీటర్లుంటే ఇద్దరు పొదుపుగా పది రోజులు గడపగలరు.

ప్రశ్న: జూలైలో నలుగురు స్నేహితులం వారం రోజులకు పడవ అద్దెకు తీసుకున్నాం. ఎవరికీ అనుభవం లేదు. లాకుల్లో పడవలు మునుగుతాయంటారు, ఎందుకని?
– ఒక పాఠకుడు, పలమనేరు (ఇప్పుడు లెస్టర్)

జవాబు: మునిగేవాటిలో ఎక్కువ ఒకే కారణంతో మునుగుతాయి, అది తెలిస్తే తప్పించుకోవడం తేలిక. లాకులో పై తలుపులు ఒక రాతి గట్టు మీద ఆనుకుని ఉంటాయి. దాన్ని సిల్ అంటారు. ఆ గట్టు లాకు లోపలికి కొన్ని అడుగులు పొడుచుకొచ్చి ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు కనబడదు. మీరు దిగువకు పోతున్నప్పుడు నీళ్ళు తగ్గుతుంటే పడవ దిగుతుంది. అమరం ఆ గట్టు మీద ఉండిపోతే వెనక భాగం ఆగిపోతుంది, అణియం మాత్రం దిగుతూనే ఉంటుంది. ముందు తలుపులోంచి నీళ్ళు లోపలికి దూకుతాయి. ఆ తర్వాత మిగిలేది ఒకటి రెండు నిమిషాలు.

లాకు గోడ పైన గట్టు ఎక్కడిదాకా ఉందో తెల్లగీత ఉంటుంది. చుక్కాని దగ్గరున్న మనిషి ఆ గీతకు ముందే అమరం ఉండేలా చూస్తూ ఉండాలి. ఫోను తీయకూడదు, లోపలికి వెళ్ళి టీ పెట్టకూడదు. పడవ వాలుతున్నట్టు కనిపిస్తే ఒక్క అరుపుతో కింది తలుపుల తూము షట్టర్లు వెంటనే దించేయాలి. ఆ తర్వాత పై షట్టర్లు నెమ్మదిగా తెరిచి నీళ్ళు పెంచితే పడవ మళ్ళీ తేలుతుంది. ముందు కింది షట్టర్లు, తర్వాతే పైవి. ఈ వరస నలుగురికీ నోటికి రావాలి.

తాళ్ళను గుంజకు ముడేయొద్దు. ఒక చుట్టు తిప్పి చేత్తో పట్టుకుని వదులుతూ ఉండాలి. ముడేస్తే నీళ్ళు దిగినప్పుడు పడవ తాడుకు వేలాడుతుంది. ఎగువకు పోయేటప్పుడు ముందు గోడలో ఉన్న షట్టర్లు సగం తెరవండి, తలుపులో ఉన్న షట్టరు నీళ్ళలో మునిగాకే దాన్ని ముట్టుకోండి. లేకపోతే ధార నేరుగా అణియంలో పడుతుంది. షట్టర్లు తిప్పే విండ్‌లాస్ హ్యాండిలును పళ్ళచక్రం కడ్డీ మీద వదిలేసి చేయి తీయొద్దు. ఆపుకొక్కెం జారితే ఆ ఇనుము గిర్రున తిరిగి దవడ పగలగొడుతుంది.

రోజుకు ఎంత దూరం పోతామో లెక్కకు సులువు పద్ధతుంది: మైళ్ళకు లాకుల సంఖ్య కలిపి మూడుతో భాగిస్తే గంటలు. 9 మైళ్ళు, 6 లాకులు అంటే ఐదు గంటలు. కాలువల్లో వేగ పరిమితి గంటకు 4 మైళ్ళు, కట్టేసిన పడవల పక్కన ఇంకా మెల్లగా పోవాలి. వేగంగా పోతే వాళ్ళ మేకులు ఊడొస్తాయి. 15 టన్నులు దాటిన బరువును కాలితోనో చేత్తోనో ఆపాలని ఎవరూ చూడొద్దు. గోడకు తగిలితే రంగు పోతుంది, కాలు మధ్యలో పెడితే కాలు పోతుంది.

ప్రశ్న: నాకు 66, మా ఆవిడకు 61. మోకాళ్ళ నొప్పులు. పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు పడవలో తిరగాలని ఉంది. ఎక్కడైతే బాగుంటుంది?
– ఒక పాఠకుడు, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: లాకులు లేని కాలువ చూసుకోండి సార్. యాష్‌బీ కాలువ 22 మైళ్ళు, దాని మీద ఎక్కడా ఎత్తుపల్లాల లాకు లేదు. పొలాలు, రాతి వంతెనలు, రద్దీ తక్కువ. చూడముచ్చటైనది కావాలంటే వేల్స్‌లో లాంగోలెన్ కాలువ. టెల్ఫోర్డ్, జెస్సప్ కట్టి 1805లో తెరిచిన పాంట్‌కసల్తె జలసేతువు దాని మీదే ఉంది. 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున ఇనుప తొట్టిలో పడవ పోతుంది. ఒక పక్క నడకదారి, కమ్మీ ఉంటాయి. ఇంకో పక్క తొట్టి అంచు తప్ప ఏమీ ఉండదు. కళ్ళు తిరిగేవాళ్ళు లోపల కూర్చోవడం మంచిది. ట్రెవర్ నుంచి ఎల్స్‌మియర్ వైపు పోతే న్యూ మార్టన్ దగ్గర రెండే లాకులు, పిల్లలు తోడుంటే చాలు. ఆగస్టులో అక్కడ పడవలు బారులు తీరతాయి. మే నెలాఖరు, జూన్ మంచి సమయం, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది.

అద్దె పడవకు మీకు లైసెన్సు అక్కర్లేదు, రేవులో నడపడం నేర్పించి ఇస్తారు. లైఫ్ జాకెట్లు అడిగి తీసుకోండి. కాలువ చాలాచోట్ల నడుము లోతే. మనిషి పడితే భయపడాల్సింది ప్రొపెల్లర్‌కు. వెంటనే గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, రివర్సు వేయనే కూడదు. కాలువ నీళ్ళు తగిలిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినొద్దు, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ అక్కడా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి పడవలో ఇంజన్ వెనక షాఫ్టు దగ్గర నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయట. వీడియో పంపింది. మునిగిపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: నిశ్చింతగా ఉండండమ్మా, కొద్దిగా పడాల్సిందే. మన బావుల మీది పాత పంపులకు షాఫ్టు చుట్టూ గ్లాండు తాడు వేసేవాళ్ళు చూడండి, అదే ఏర్పాటు ఇక్కడా. పడవ నడుస్తున్నప్పుడు నిమిషానికి కొన్ని బొట్లు పడితే తాడు చల్లగా ఉంటుంది. కట్టేశాక ఆగిపోవాలి.

ప్రయాణం ముగిసిన ప్రతి సాయంత్రం ఇత్తడి గ్రీజు కప్పు పిడిని బిగువు తగిలేదాకా తిప్పమనండి. అప్పటికీ ఆగకపోతే గ్లాండుకు రెండు పక్కలా ఉన్న నట్లను ఒక్కొక్క ముఖం, అంటే ఆరో వంతు చుట్టు, రెండింటినీ సమానంగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే షాఫ్టును గీకుతుంది. తర్వాత పది నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపేసి, గ్లాండును ముట్టుకుని చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడైతే ఎక్కువ బిగిసింది, వెనక్కి తిప్పాలి. నట్లు చివరిదాకా వచ్చేస్తే కొత్త తాడు వేయాలి. మూడు నాలుగు చుట్లు, ఒక్కో చుట్టు అతుకు ఒక్కో వైపు ఉండేలా. నీళ్ళలో ఉండగా ఇది మొదటిసారి తనే చేయొద్దు, మెరైన్ మెకానిక్కును పిలవాలి. ఇంకొకటి, అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపు స్విచ్చును వారానికోసారి చేత్తో లేపి పంపు తిరుగుతోందో లేదో చూడాలి. మునిగిన పడవల్లో చాలావాటికి పంపు ఉంది, అది పనిచేయలేదంతే.

ప్రశ్న: మా తమ్ముడు పడవలో బొగ్గు పొయ్యి పెట్టుకుని తలుపులన్నీ మూసుకుని పడుకుంటాడట. ప్రమాదం కాదా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: గాలి గొట్టాలు తెరిచి ఉండి, పొయ్యి, దాని పొగగొట్టం సరిగ్గా ఉంటే ప్రమాదం తక్కువ. పొయ్యిలో గానీ పొగగొట్టంలో గానీ పగులుంటే ప్రాణాంతకం. పొగగొట్టం పొయ్యిలో కూర్చునే చోట, కప్పులోంచి బయటికి పోయే చోట అతికించిన సిమెంటు పడవ కదలికకు చిట్లుతుంది. పొయ్యి తలుపు చుట్టూ ఉన్న తాడు అరిగిపోతుంది. ఈ మూడూ చలికాలం మొదలయ్యే ముందు చూసుకోవాలి, గొట్టాన్ని సీజనులో రెండు మూడుసార్లు దులపాలి. తడి కట్టెలు కాలిస్తే లోపల తారు పేరుకుని ఒకరోజు అంటుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం ఉండాలని బోట్ సేఫ్టీ పథకం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. పడుకునే చోటికి దగ్గర్లో ఉందా, వారానికోసారి బటన్ నొక్కి చూస్తున్నాడా అని అడగండి. అన్నిటికంటే ఎక్కువమంది మరిచేది బూడిద. తీసిన బూడిద బకెట్టు నివురుగప్పి గంటల తరబడి విషవాయువు వదులుతూనే ఉంటుంది. దాన్ని మూతపెట్టి బయట వెనక డెక్కు మీద పెట్టాలి. కుంపటి గానీ బార్బెక్యూ గానీ ఆరిపోయిందనుకుని కూడా లోపలికి తేకూడదు. దేవుడి దీపం వెలిగిస్తే కొండెక్కేదాకా పక్కనుండమనండి.

ప్రశ్న: పాత నారోబోటు ఒకటి తెప్పించి బకింగ్‌హామ్ కాలువలో, పులికాట్‌లో పర్యాటకులకు తిప్పితే?
– ఒక పాఠకుడు, సూళ్ళూరుపేట

జవాబు: వద్దు. ఆ కాలువ నాలుగో జాతీయ జలమార్గంలో భాగమే, 2008లో ప్రకటించారు. కానీ మన వైపు చాలాచోట్ల పూడిపోయింది. నారోబోటుకు రెండు నుంచి రెండున్నర అడుగుల నీళ్ళు కావాలి, పులికాట్‌లో వేసవికి అదీ ఉండని చోట్లెన్నో. పడవ అడుగు చదును, పక్కలు నిట్టనిలువు. సరస్సు మీద గాలి తగిలితే చుక్కాని మాట వినదు. ఉప్పునీళ్ళలో మెగ్నీషియం యానోడ్లు నెలల్లో కరిగిపోతాయి, తర్వాత వంతు ఉక్కుది. 57 అడుగుల పడవ 40 అడుగుల కంటైనర్లో పట్టదు కాబట్టి రవాణాకే ఆస్తులు పోతాయి. 2021 అంతర్గత నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషను కూడా చేయించాలి. మీ ఆలోచనకు ఇక్కడే కట్టిన ఫైబరు పడవ సరైనది.

ప్రశ్న: ప్రొపెల్లర్‌కు చీర గుడ్డో ప్లాస్టిక్ సంచో చుట్టుకుంటే పడవ కిందికి దిగాలా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. అమరం దగ్గర డెక్కు కింద ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన ఒక పెట్టె ఉంటుంది, వీడ్ హ్యాచ్ అంటారు. పడవ బరువెక్కినట్టు కదిలినా, ఇంజన్ నల్లపొగ వదిలినా ఏదో చుట్టుకుందని అర్థం. ఒడ్డుకు కట్టేసి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. బిగింపు విప్పి మూతెత్తితే చేయి నేరుగా ప్రొపెల్లర్ మీదికి వెళ్తుంది. రంపపు పళ్ళ కత్తితో కోసి, చుట్టిన దిశకు వ్యతిరేకంగా విప్పాలి. ఇనుప తీగలు, గాలాలు కూడా ఉంటాయి కాబట్టి మందపాటి గ్లోవ్స్ వేసుకోండి. మూత పెట్టేటప్పుడు దాని రబ్బరు పట్టీ నలగకుండా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసి, బిగింపును పూర్తిగా తిప్పాలి. మూత వదులుగా ఉంటే ప్రొపెల్లర్ తిరగగానే నీళ్ళు ఇంజన్ గదిలోకి ఎగజిమ్ముతాయి. అందుకని మళ్ళీ బయల్దేరే ముందు పడవ కట్టేసి ఉండగానే గేరు వేసి ఒక నిమిషం తిప్పి, మూత చుట్టూ టార్చి వేసి చూడండి. పొడిగా ఉంటేనే తాళ్ళు విప్పండి.